కాపలావాడు-2 కనబడే టీవీ

మార్చి 2, సోమవారం

డబ్బింగ్ అయిపోయింది. నా డైలాగు ఒక్కటే: "ఎవరది?" ఆరుసార్లు చెప్పించి, మొదటిదే బాగుందని అది ఉంచుకున్నారు. మిగతా అయిదూ ఎందుకు చెప్పించారో అడగలేదు. కళాకారుడు కొన్ని అడగకూడదు.

సీరియల్లో నా పాత్ర పేరు కాపలావాడు-2. కాపలావాడు-1 ఎవరో నాకు తెలియదు. వాడి సీనులో కరెంటు ఉండే ఉంటుంది. నా సీనులో లాడ్జి మొత్తం కరెంటు పోయింది. వరండాలోంచి హంతకుడు వెళ్తుంటాడు, నేను తలుపు పక్కన నిలబడి ఆ ఒక్క ముక్కా అడుగుతాను, వాడు జవాబు చెప్పకుండా పోతాడు. మర్యాద తెలియని మనిషి.

స్టూడియో మానిటర్ మీద నన్ను నేను చూసుకున్నాను. ఎన్నో ఏళ్లుగా నాటకాలు ఆడుతున్నా నా వేషాన్ని నేను చూడటం ఇదే మొదలు. భుజం, మెడ, కళ్లలో కాస్త మెరుపు. ఫరవాలేదు. ఫరవాలేదేమిటి, బాగున్నాను.

సౌండ్ ఇంజనీరు నా సంతోషం చూసి ఓర్వలేకపోయాడు. "ఇక్కడైతే కనబడతారు సార్. ఇళ్లలో టీవీలకి ఇంత చీకటి చూపించడం రాదు. మంచి ప్యానెల్ ఉంటే తప్ప మీరు రారు," అన్నాడు.

మార్చి 3

కిటికీ పరదాలు వేసి ఇంట్లో టీవీని పరీక్షించాను. ఏదో సినిమాలో అర్ధరాత్రి సీను దొరికింది. నలుపు అనేది ఎక్కడా లేదు. అంతా పొయ్యిలో బూడిద. తెర అంచుల్లోంచి వెలుతురు కారుతోంది. ఇన్నేళ్లుగా మేం చూసిన ప్రతి అర్ధరాత్రీ తెల్లవారుజామేనన్నమాట.

టీవీ మార్చాలన్నాను. మా ఆవిడ బడిలో లెక్కల టీచరు, ఏ లెక్కనైనా తక్కువ మెట్లలో తేల్చేస్తుంది. "మీరు కనబడటానికి టీవీ మార్చాలా అండీ? వెలుతురున్న వేషం అడగడం తేలిక కాదూ?" అంది.

మార్చి 5, గురువారం

నాన్న దగ్గరికి వెళ్లాను. రెండు వీధుల అవతల, సైకిల్ షాపు మీద గది. మాతో ఉండమంటే ఉండడు. మా ఇంట్లో అందరూ మెల్లగా మాట్లాడతారట, తన గురించేనేమోనని అనుమానం వస్తుందట.

"టీవీలో వేస్తున్నా నాన్నా," అన్నాను.

"ఏం వేషం?"

"లాడ్జిలో రాత్రి కాపలా."

"నైట్ డ్యూటీయా. నిద్రపోకు," అన్నాడు.

నాన్న బస్సు డ్రైవరు. ఉద్యోగమంతా నైట్ సర్వీసే. నేను నాటకాలాడే రాత్రులన్నీ ఆయన బస్సు నడిపే రాత్రులే, కాబట్టి ఒక్కటీ చూడలేదు. రిటైరయ్యాక ఖాళీగా ఉండీ చూడలేదు. అడిగితే, "ఇంట్లో వేస్తూనే ఉన్నావుగా, టిక్కెట్టు లేకుండా," అనేవాడు.

శుక్రవారం ఇరవయ్యో తారీఖున రాత్రి వస్తుంది, ఆదివారం మధ్యాహ్నం మళ్లీ వేస్తారు, ఆదివారం మా ఇంటికి రమ్మన్నాను. వస్తానన్నాడు. రెండోసారి అడగాల్సిన అవసరం లేకుండా వస్తానన్నాడు. మెట్లు దిగుతూ నేను సరిగ్గా విన్నానా అనుకున్నాను.

మార్చి 7, శనివారం

షోరూమ్‌లో గోడ నిండా టీవీలు. అన్నింట్లో అదే చిలక, అదే జలపాతం, అదే తేనెబొట్టు. చీకటి చూపించవయ్యా అంటే సేల్స్‌మన్ టై సర్దుకుని, "చీకటి చూడటానికి ఎవరూ రారు సార్," అన్నాడు. నేను వచ్చానుగా.

తర్వాత చెప్పడం మొదలుపెట్టాడు. మామూలు ఎల్‌ఈడీలో వెనకాల దీపాలు వెలుగుతూనే ఉంటాయట, నలుపు కావాల్సిన చోట ముందున్న తలుపు మూసుకుంటుందట, సందుల్లోంచి వెలుతురు వస్తూనే ఉంటుందట. క్యూలెడ్‌లోనూ అంతే, మధ్యలో ఒక రంగుల పొర. మినీ ఎల్‌ఈడీలో దీపాలు చిన్నవి, వాడలు వాడలుగా ఆరుతాయి. ఓలెడ్‌లో ప్రతి చుక్కా తన దీపం తానే వెలిగించుకుంటుంది, తానే ఆర్పుకుంటుంది.

నాకు అర్థమైనంతలో ఎల్‌ఈడీ అంటే ఉమ్మడి కుటుంబం, ఒకరు లేస్తే ఇల్లంతా లేవాలి. క్యూలెడ్ కూడా ఉమ్మడి కుటుంబమే, కాకపోతే గోడలకి కొత్తగా రంగులేయించారు. మినీ ఎల్‌ఈడీలో అన్నదమ్ములు వాటాలు పంచుకున్నారు గానీ పక్క వాటా లైటు కిటికీలోంచి పడుతూనే ఉంటుంది. ఓలెడ్‌లో ఎవరి గది వారిది, ఎవరి స్విచ్చి వారిది. ఇంత చిన్న విషయానికి వాడు నాకు మూడు పుస్తకాలిచ్చాడు.

మార్చి 8

ఇది నాన్న కోసం కాదు. కళ కోసం.

మార్చి 10, మంగళవారం

స్కానింగ్ సెంటర్‌లో పొద్దుటి నుంచీ ఛాతీలే. "గాలి పీల్చండి. ఆపండి. కదలకండి. ఇక వదలండి." జీవితంలో నేను అన్నిటికంటే ఎక్కువసార్లు చెప్పిన డైలాగు ఇది. ఒక్కరూ చప్పట్లు కొట్టిన పాపాన పోలేదు.

ఎక్స్‌రే టెక్నీషియన్‌గా నాకు తెలిసింది ఒక్కటే. మంచి ఫిల్ముకి గుర్తు నలుపు. ఒంటి బయట ఉన్న గాలి కాటుకలా ఉండాలి, ఎముక తెల్లగా నిలబడాలి. నలుపు బూడిద తిరిగిందంటే ఆ ఫిల్ము పనికిరాదు, మనిషిని మళ్లీ నిలబెట్టాల్సిందే. టీవీకి వేరే న్యాయం ఎందుకుంటుంది? సేల్స్‌మన్ మాటలు, చిలకలు, తేనెబొట్లు నమ్మే ఖర్మ నాకేం పట్టింది.

నా ఛాతీ నేనే తీసుకుని పెన్‌డ్రైవ్‌లో వేసుకున్నాను. ఊపిరితిత్తులు బాగున్నాయి. గుండె కాస్త పెద్దదిగా ఉందేమోననిపించింది గానీ, అది మొదటి నుంచీ నాకున్న అభిప్రాయమే.

మార్చి 11

మా బావమరిది వచ్చాడు. వాడికి తెలియని విషయం ఇంకా పుట్టలేదు. ఓలెడ్ అనగానే తల అడ్డంగా ఊపాడు.

"అది వద్దు బావా. ఒకే బొమ్మ ఎక్కువసేపు ఉంటే అచ్చు పడిపోతుంది. ఆపేసినా మరక పోదు."

మా ఆవిడ దిద్దుతున్న పేపర్లలోంచి తలెత్తలేదు. "ఆ భయం లేదులేరా. మీ బావ మొహం అచ్చు పడాలన్నా అంతసేపు చూపించాలిగా," అంది.

అక్కాతమ్ముళ్లు ఇద్దరూ చాలాసేపు నవ్వుకున్నారు. నేనూ నవ్వాను. కాపలావాడు-2 నవ్వు ఎలా ఉంటుందో వాళ్లకి తెలియాలి కదా.

మార్చి 14, శనివారం

షోరూమ్‌లో పెన్‌డ్రైవ్ పెట్టించాను. అటు చిలకలు, జలపాతాలు. ఇటు గోడంత నా పక్కటెముకలు. వాషింగ్ మెషీన్ చూడ్డానికి వచ్చిన ఒకావిడ తన భర్త వెనక్కి జరిగింది. "ఇదేం ప్రోగ్రామండీ?" అని అడిగాడు ఆయన. "ఆరోగ్యానికి సంబంధించింది," అని చెప్పాను.

ఎల్‌ఈడీలో నా ఎముకల చుట్టూ గాలి బూడిద. క్యూలెడ్‌లో మంచి రంగు బూడిద. మినీ ఎల్‌ఈడీలో గాలి నల్లగానే ఉంది గానీ, భుజాల చుట్టూ వెలుగు వలయం. ఏ మహాత్ముడి ఛాతీయో అన్నట్టుంది. ఓలెడ్‌లో పెట్టగానే దగ్గరికి వెళ్లి చూశాను. గాలి లేదు. తెర లేదు. నల్లటి శూన్యంలో నా ఎముకలు మాత్రం ఉన్నాయి. ఇన్నేళ్ల సర్వీసులో ఇంత మంచి ఫిల్ము తీసిన పాపాన పోలేదు.

సేల్స్‌మన్ చెవిలో చెప్పాడు. "ఇందులో సినిమా మోడ్ ఉంటుంది సార్. సెట్టింగులు ముట్టుకోకండి. డైరెక్టర్ ఏది చూపించాలనుకున్నాడో అదే చూపిస్తుంది, ఒక్క పిసరు ఎక్కువ కాదు, తక్కువ కాదు."

కొనేశాను. ఆలూ లేదు చూలూ లేదు అనే సామెత నాతో వచ్చిన మా ఆవిడ దారి పొడవునా అనలేదు. అనకపోవడం వినబడింది. బుధవారానికి ఇంట్లో ఉంటుందన్నారు.

మార్చి 16

పాత టీవీకి ఎక్స్చేంజిలో వాళ్లు చెప్పిన విలువ వింటే టీవీయే ఏడ్చేది. నాన్న గదిలో టీవీ చెడిపోయి చాలా రోజులైంది. ఫోన్ చేస్తే, "పారేసేదైతే ఇటు పారెయ్," అన్నాడు.

నేనూ బావమరిదీ మోసుకెళ్లి గోడకి పెట్టాం. పెట్టీపెట్టగానే నాన్న రిమోట్ తీసుకుని వెలుతురు చివరిదాకా పెంచేశాడు. ఆయన కళ్లకి అలా ఉంటేనే ఆనుతుంది. అసలే బూడిద, ఇప్పుడు సున్నం. వార్తలు చదివే ఆమె జుట్టు కూడా నెరిసిపోయింది.

"పాపం, ఇందులో నలుపనేదే రాదు నాన్నా," అన్నాను.

"నలుపుతో నాకేం పని," అన్నాడు.

మార్చి 18, బుధవారం

టీవీ రాలేదు. రేపట.

మార్చి 19

రేపట.

మార్చి 20, శుక్రవారం

ఈ రాత్రికే నా సీను. మా గోడ మీద పాత టీవీ ఉన్న చోట తెల్లటి దీర్ఘచతురస్రం ఉంది. దాన్ని చూస్తూ కూర్చున్నాం. పక్కింటాయన తమ ఇంటికి రమ్మన్నాడు. వాళ్లది మామూలు ఎల్‌ఈడీ. అంత మంచి చీకటిని తీసుకెళ్లి అందులో పొయ్యలేక తలనొప్పన్నాను.

ఎపిసోడ్ అయిపోయిన తర్వాత కూడా ఎవరూ ఫోన్ చెయ్యలేదు. నాటకాల మిత్రులు కూడా. అందరూ ఆదివారం కోసం ఆగి ఉంటారు.

మార్చి 21

టీవీ వచ్చింది. ఆపి ఉన్నా అందంగా ఉంది. ఆపి ఉన్నప్పుడూ పెట్టినప్పుడూ నలుపు ఒకటే, తేడా చెప్పలేం. అదీ పనితనమంటే.

ఇది నాన్న కోసం కాదు. అయినా ఆయన కుర్చీ సరిగ్గా తెరకెదురుగా వేశాను, మోకాళ్లు చాపుకోవడానికి ముందు చిన్న స్టూలు కూడా.

మార్చి 22, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను. ఎవరూ చదవరు కదా.

మా ఆవిడ అక్కయ్య, ఆవిడ భర్త, బావమరిది, పక్కింటాయన దంపతులు, సెంటర్ నుంచి ఇద్దరు. కుర్చీలు చాలక మంచం లాగాం. నాన్న కుర్చీ ఖాళీగా ఉంది. ఫోన్ చేస్తే, "మోకాలు," అన్నాడు. ఆటో పంపిస్తానన్నాను. "మోకాలికి ఆటో ఎందుకు," అని పెట్టేశాడు.

ఆయన అంతే. ఎప్పుడూ అంతే. నేను పట్టించుకోలేదు. పక్కింటాయన ఆ కుర్చీలో కూర్చోబోతే మాత్రం వద్దన్నాను, స్ప్రింగు విరిగిందని. అది ప్లాస్టిక్ కుర్చీ.

పరదాలు వేశాం. సినిమా మోడ్ పెట్టాను. ఎపిసోడ్ మొదలైంది, హంతకుడు తిరుగుతున్నాడు, అందరూ టీవీని మెచ్చుకుంటున్నారు. లాడ్జిలో కరెంటు పోయింది. తెర మీద చీకటి వచ్చింది. ఎంత మంచి చీకటంటే, టీవీ ఆగిపోయిందనుకుని మా వదినగారు రిమోట్ అందుకుంది. ఆ చీకట్లోంచి నా గొంతు వినబడింది. "ఎవరది?"

"ఆ మాట మేం అడగాలి బావా," అన్నాడు బావమరిది.

కరెంటు వచ్చింది. హంతకుడు వెళ్లిపోయాడు. నేనూ వెళ్లిపోయాను.

బావమరిది ఊరుకునే రకమా. సెట్‌టాప్ బాక్సులో వెనక్కి తిప్పి, సీను ఆపి, వెలుతురు రెండు గీతలు పెంచాడు. తలుపుకి కుడి పక్కన పొడవుగా ఒక ఆకారం తేలింది, పైన రెండు మెరుపులు.

"అదిగో," అంది వదినగారు. "కళ్లు ఎలా మెరుస్తున్నాయో చూడండి. అబ్బ, ఆ నిలబడటంలోనే ఉంది భయం."

"కదలకుండా ఉండటం చాలా కష్టమండీ," అన్నాడు పక్కింటాయన.

అది గొడుగులు, కోట్లు తగిలించే స్టాండు. పైన రెండు ఇత్తడి గుబ్బలు. షూటింగ్ రోజు నా గొడుగు నేనే దానికి తగిలించాను. ఆ సంగతి చెప్పాలి కదా. తేలు కుట్టిన దొంగలా కూర్చుని, "ఏదో, మీ అభిమానం," అన్నాను. సెంటర్ వాళ్లు చప్పట్లు కొట్టారు. ఇన్నేళ్లకి సెంటర్ వాళ్లు కొట్టిన చప్పట్లు కోట్ల స్టాండుకి పోయాయి.

వెలుతురు ఇంకా పెంచబోతుంటే బావమరిది చేతిలోంచి రిమోట్ లాక్కున్నాను. కొత్త టీవీ పాడవుతుందని.

పాడవుతుందని కాదు. అంత వెలుతురులోనూ నేను లేకపోతే అని.

అందరూ వెళ్లాక మా ఆవిడ కుర్చీలు ఎత్తుతూ, "అది మీరు కాదు కదూ," అంది. ఈసారి వెటకారం లేదు. కాదన్నాను. "మరి మీరెక్కడ?" అంది. డైరెక్టర్ ఏది చూపించాలనుకున్నాడో ఈ టీవీ అదే చూపిస్తుందట, ఒక్క పిసరు ఎక్కువ కాదు. ఆయనకి కావాల్సింది చీకటి. అది పుష్కలంగా వచ్చింది.

అదే రోజు, సాయంత్రం

నాన్న ఫోన్.

"ఎలా జరిగింది?"

"బాగా జరిగింది. నువ్వు తప్ప అందరూ వచ్చారు. అందరూ చూశారు."

"ఎక్కడ చూశారు?"

ఇదేం ప్రశ్న అనుకున్నాను. "తలుపు పక్కన. కుడి వైపు."

"కుడి వైపుది కోట్లు తగిలించే స్టాండు కదరా. నువ్వు ఎడమ పక్కన కదా ఉన్నావు."

ఫోన్ ఆ చెవి నుంచి ఈ చెవికి మార్చుకున్నాను.

"నీకెలా తెలుసు?"

"శుక్రవారమే చూశా. రేపు పొద్దున మళ్లీ వేస్తారట, ఆ ఛానెల్‌కి వేరే పని లేదు. రావాలంటే రా," అని పెట్టేశాడు.

మార్చి 23, సోమవారం

సెంటర్‌కి సెలవు పెట్టాను. కారణం రాయమంటే సొంత పని అని రాశాను. ఇక్కడైనా సరిగ్గా రాయాలి. ఇదంతా నాన్న కోసమే. టీవీ, ఎక్స్‌రే, పరదాలు, స్టూలు, అంతా. నలుపు నలుపని ఊరంతా తిరిగి కొనుక్కొచ్చాను, ఆ నలుపులోనే నేనున్నానన్న సంగతి మర్చిపోయాను. ఫిల్ములో మనిషి తెల్లగా ఉంటాడు, గాలి నల్లగా ఉంటుంది. నా సీనులో గాలీ నేనూ ఒకటే రంగు. ఇన్నేళ్ల అనుభవం నన్ను చక్కగా మాయం చేసింది.

నాన్న మంచం మీద ఆయన పక్కన కూర్చున్నాను. మోకాలు ఎలా ఉందంటే, ఏ మోకాలు అన్నాడు.

"మరి నిన్న ఎందుకు రాలేదు?"

"శుక్రవారం ఒక్కణ్ణీ చూసుకుందామనుకున్నా ముందు. బాగా లేకపోతే నలుగురిలో నోరు మూసుకుని కూర్చోవడం నాకు చేతకాదు."

"బాగుంటే?"

"బాగుంటే అసలే చేతకాదు," అన్నాడు టీవీ వైపు చూస్తూ.

లాడ్జిలో కరెంటు పోయింది. పాత టీవీలో ఎప్పట్లాగే తెల్లవారుజాము వచ్చింది. సున్నం నీళ్లు చల్లినట్టున్న వరండా, తలుపు, కుడి పక్కన స్టాండు, దానికి నా గొడుగు. ఎడమ పక్కన ఒక మనిషి. మొహం సరిగ్గా లేదు, అంచులు లేవు, రంగు లేదు. అయినా మనిషే. నేనే.

"ఇంత వెలిసిపోయిన బొమ్మలో ఎలా పోల్చుకున్నావు నాన్నా?"

"నైట్ సర్వీసు నడిపినవాణ్ణి. రోడ్డు పక్కన చీకట్లో మనిషి నిలబడి ఉంటే చూసుకోవద్దూ? పైగా ఆ ఎడమ భుజం. బడికి పోయే రోజుల్లో బస్సు కోసం అలాగే వంకరగా నిలబడేవాడివి."

తెర మీద "ఎవరది?" అన్నాను. హంతకుడు వెళ్లిపోయాడు. వాడు పోయాక నా కుడి చెయ్యి తలుపు చట్టాన్ని పట్టుకోవడానికి లేచి, వణికి, దిగిపోయింది. స్టూడియో మానిటర్ మీద నేను కూడా గమనించలేదు దాన్ని. నా మొహమే చూసుకున్నాను కదా.

"చెయ్యి వణికింది," అన్నాడు నాన్న.

"నటించాను," అన్నాను.

నిజానికి నటించలేదు. మొదటిసారి కెమెరా ముందు నిలబడ్డాను, నిజంగానే భయం వేసింది. ఆ మాట ఆయనకి చెప్పలేదు, ఇక్కడ రాస్తున్నాను.

నాన్న టీవీ ఆపాడు. రిమోట్ దిండు కింద పెట్టాడు. కింద సైకిల్ షాపులో ఎవరో గాలి కొడుతున్నారు.

"నటనా అది," అన్నాడు. "శుక్రవారం నువ్వు నిజంగా భయపడుతున్నావనుకున్నా. లేచి లైటు వేయబోయాను."